ఎంత లాగుద్దని అడిగేవాళ్లకి

రాజమండ్రిలో ఒక వాహనాల డీలరు దగ్గర, సర్వీసు వర్క్‌షాపులో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. జీపులు, పికప్ వ్యాన్లు, చిన్న లారీలు చూసేవాణ్ని. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో ఇక్కడ రాయను. అవి నాకే సరిగా గుర్తు లేవు, మీకెందుకు? ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి పనికొచ్చే సంగతులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఒకటి నేను చేసిన తప్పు. అసలు దానికోసమే రాయడానికి కూర్చున్నాను.

మా కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఒక ప్రశ్న అడిగేవాడు. బండి కొనేవాడు, కొన్నవాడు, అమ్మేద్దామని వచ్చినవాడు కూడా.

"ఎంత లాగుద్దండి?"

మైలేజీ తర్వాత మన జిల్లాల వాళ్లకి కావలసింది అదే. చేపల చెరువులవాళ్లకి జనరేటరు లాగాలి, వరి కోతలకి నూర్పిడి మిషను లాగాలి, కడియం నర్సరీల వాళ్లకి చెట్లు లాగాలి. వెనక ట్రాలీ తగిలిస్తే ఒక్క పికప్పుతో రెండు బండ్ల పని అయిపోతుందని అందరి ఆశ. కంపెనీ పుస్తకంలో ఆ ప్రశ్నకి ఒక అంకె ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఆ అంకె గడగడా చెప్పేసి, ఎదుటివాడి మొహం చూసేవాణ్ని, ఎంత తెలివైనవాడినో గమనించారా అని.

లాగడం కాదు, ఆపడం

మా వర్క్స్ మేనేజరు మూర్తిగారు సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. గ్రీజు అంటుకోకుండా ఇంజను కింద దూరి రాగల మనిషిని ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు. ఒకరోజు నేను ఒక రైతుకి అంకె చెబుతుంటే వెనక నుంచి విన్నారు. రైతు వెళ్లేదాకా ఆగారు. నన్నూ, ఇంకో నలుగురు మెకానిక్కుల్నీ ఆవరణలోకి పిలిచి, అక్కడ న్యూట్రల్‌లో ఉన్న చిన్న లారీని తొయ్యమన్నారు. ఆయనే డ్రైవరు సీట్లో కూర్చున్నారు. మేం తోశాం. మొదట మొరాయించినా, కాస్త కదిలాక చక్కగా వెళ్లింది. అప్పుడాయన కిటికీలోంచి తల బయటపెట్టి, నన్ను ముందుకొచ్చి ఆపమన్నారు.

వెళ్లి రెండు చేతులూ బానెట్ మీద పెట్టాను. ఆగుతుందా? నన్ను తోసుకుంటూ గోడ దాకా తీసుకెళ్లింది. గోడకి జానెడు దూరంలో ఆయన బ్రేకు నొక్కారు.

"లాగడం ఎవడైనా లాగుతాడయ్యా. ఆపేవాడు కావాలి," అన్నారు.

ఆ రోజు నుంచి నేను అంకె చెప్పడం మానేసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. ట్రాలీకి సొంత బ్రేకులున్నాయా? లేకపోతే, బండి ఖాళీ బరువులో సగానికి మించి దాని వెనక తగిలించకు. పికప్ తొట్లో ఏం వేస్తావు? వేసినంతా వెనక లాగే దాంట్లోంచి తీసెయ్యి. క్యాబిన్‌లో ముగ్గురు కూర్చుంటే వాళ్లనీ తీసెయ్యి. పుస్తకంలో అంకె కొత్త బండికి, కొత్త టైర్లకి, మంచి రోడ్డుకి. నీ బండికి అవేవీ లేవు కాబట్టి ఇంకొంచెం తీసెయ్యి. ఇలా తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందండీ అని ఒకాయన ఏడుపు మొహం పెట్టాడు. మీరు మిగులుతారు అన్నాను. ఆయనకి నచ్చలేదు గానీ నాకు మాత్రం ఆ జవాబు చాలా నచ్చి, తర్వాత కనీసం ఏడాదిపాటు అందరి మీదా ప్రయోగించాను.

మన నేల మరీ చదును. అదే మన కొంప ముంచింది. కొండ ప్రాంతం వాడు మొదటి ఎత్తు దగ్గరే తెలుసుకుంటాడు తన బండి ఎంతటిదో. మనవాడికి కాలవగట్టు మీద మైళ్ల తరబడి సాఫీగా వెళ్లిపోతుంది. ఎక్కడో ఒక కాలవ వంతెన వస్తుంది, నిట్టనిలువుగా ఎక్కి అంతే నిట్టనిలువుగా దిగాలి. అప్పటిదాకా ఏ అనుమానమూ రాదు.

హుక్కు గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. భీమవరం వైపు నుంచి ఒక చెరువుల ఆసామి వచ్చాడు, బండికి వెనక బంపరు లేదు. ఏమైందండీ అంటే, జనరేటరు తీసుకెళ్లిపోయిందన్నాడు. హుక్కుని ఊళ్లో వెల్డింగు షాపులో బంపరుకి అతికించారు. బంపరు అందానికి పెట్టినది. దానికేం తెలుసు, పాపం. మలుపులో జనరేటరు ఒక దారిన, బండి ఒక దారిన వెళ్లాయి. జనరేటరు వరిచేలో దిగి, బురదలో చక్కగా నిలబడి ఉందట. హుక్కు ఛాసిస్‌కే బిగించాలి, వెల్డింగు కాదు, బోల్టులు. ఇంతకంటే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పామ్ చెట్లు

ఇక నా తప్పు.

తొంభైల చివరికి కడియం నర్సరీల్లో పెద్ద చెట్ల వ్యాపారం జోరందుకుంది. అంతకుముందు మొక్కలు కొనేవాళ్లు. ఇప్పుడు హోటళ్లకి, కల్యాణ మండపాలకి ఏకంగా పెరిగిన చెట్టే కావాలి, పొద్దున పాతితే సాయంత్రానికి నీడ పడాలి. బుల్లబ్బాయిగారని అక్కడ ఒక నర్సరీ యజమాని మాకు పాత ఖాతాదారు. మంచివాడే, మాట గట్టి, ఓపిక తక్కువ. పికప్ కొని, దానికి ఒక పొడుగాటి ట్రాలీ చేయించారు. దాని మీద నాలుగు పామ్ చెట్లు పడుకోబెట్టి పంపేవారు. చెట్టు మొదట్లో వేళ్లని మట్టితో సహా తవ్వి, గోనెపట్టాతో చుట్టి కడతారు. దాన్ని గడ్డ అంటారు. చెట్టు బరువంతా ఆ గడ్డలోనే. ఆకులు గాలికి చిరగకూడదని, గడ్డలు ముందుకీ ఆకులు వెనక్కీ వచ్చేలా పెట్టడం నర్సరీవాళ్ల అలవాటు.

ఆయన డ్రైవరు వీర్రాజుగారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బుల్లబ్బాయిగారి నాన్నగారి కాలంలో ఆ ఇంట్లో ఎడ్లబండి తోలేవాడు. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చాక కొన్నాళ్లు కుండీలు మోశాడు. తర్వాత బుల్లబ్బాయిగారే పట్టుబట్టి ఆయనకి స్టీరింగు నేర్పించారు. నలభై దాటాక లైసెన్సు తీసుకున్న మనిషి. ఆ లైసెన్సుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని జేబురుమాల్లో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు. వర్క్‌షాపుకి వస్తే బండి తలుపు మెల్లగా వేసే డ్రైవరు ఆయనొక్కడే. నన్ను 'ఇంజనీరుగారూ' అనేవాడు. చదివింది డిప్లొమాయే అయినా నేను ఏనాడూ కాదనలేదు.

ఆ పికప్ వెనక బరువు మోసే కమాన్ కట్టలు రెండు నెలల్లో రెండుసార్లు విరిగాయి. బుల్లబ్బాయిగారు రెండోసారి వచ్చి మా షోరూములో కొత్త ఖాతాదారుల ముందు గొంతెత్తారు. మూడోసారి విరిగితే నా మీద కంపెనీకి కంప్లయింటు రాస్తానన్నారు. నేను కడియం వెళ్లి చూశాను. చెట్లు ఎక్కించిన ట్రాలీ ముందు భాగం, అదే హుక్కుకి తగిలే ముక్కు, పికప్ వెనక భాగాన్ని నేలకి నొక్కేస్తోంది. ముందు చక్రాలు గాల్లోకి లేవబోతున్నట్టున్నాయి. గడ్డలన్నీ ముందే ఉన్నాయి కదా మరి.

అక్కడ చెయ్యాల్సినవి రెండు. నాలుగు చెట్లకి బదులు మూడు ఎక్కించడం, ఆ మూడింటినీ కాస్త వెనక్కి జరపడం. ఒక చెట్టు తగ్గించమంటే బుల్లబ్బాయిగారు ఒప్పుకోరు, మళ్లీ గొంతెత్తుతారు. నాకు ఆ ఓపిక లేదు. నాలుగు చెట్లూ ఉంచి, గడ్డల్ని ట్రాలీ ఇరుసు దాటేదాకా వెనక్కి జరిపించాను. పికప్ వెనక భాగం చక్కగా పైకి లేచింది. బండి సమంగా నిలబడింది. బుల్లబ్బాయిగారి మొహం వెలిగిపోయింది. కొబ్బరిబొండం కొట్టించారు.

వీర్రాజుగారు మాత్రం ట్రాలీ ముక్కు దగ్గర వంగున్నాడు. హుక్కుకి బిగించిన పిన్ను తీసి, రెండు చేతులా ముక్కుని పైకి ఎత్తి చూశాడు. అది చేతుల్లోకి ఇట్టే లేచి వచ్చింది.

"కాడి లేచిపోద్దేమోనండి," అన్నాడు.

ఎడ్లబండి తోలినవాళ్లు ఎడ్లని కట్టేముందు, బండి ముందుకి పొడుచుకొచ్చే నొగ ఎత్తి చూసుకుంటారు. నొగ బరువుగా ఉంటే ఎద్దు మెడ పుండు పడుతుంది. మరీ తేలికైతే, వెనక బరువుకి కాడి పైకి లేచి, మెడ కింద తాడు ఎద్దు గొంతుకి బిగుస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, మాదీ పల్లెటూరే. అందుకే వెంటనే జోకు తట్టింది.

"ఎద్దుకైతే గొంతు బిగుస్తుంది. బండికి గొంతెక్కడిది వీర్రాజుగారూ?" అన్నాను.

అందరూ నవ్వారు. బుల్లబ్బాయిగారు మరీ నవ్వారు. వీర్రాజుగారు కూడా నవ్వి, "ఆయ్, అదీ నిజమేలెండి," అని పిన్ను బిగించాడు. నేను కొబ్బరినీళ్లు తాగి రాజమండ్రి వచ్చేశాను.

వంతెన దిగుతుంటే

మూడో రోజు పొద్దున పది గంటలకి ఫోను. ద్రాక్షారామం వైపు వెళ్తూ కాలవ వంతెన దిగుతుంటే ట్రాలీ తోక ఊపింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు, మూడోసారికి పికప్‌ని అడ్డంగా తిప్పేసింది. పిన్ను తెగి, ట్రాలీ చెట్లతో సహా బోర్లాపడి కాలవలోకి దొర్లింది. పికప్ గట్టు అంచున ఆగింది. వీర్రాజుగారికి నుదురు చిట్లింది, కుడి మణికట్టు విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పటికి ఆ 'ఇంకెవరికీ' అన్న మాట వెనక ఏముందో నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత బండిని మా వర్క్‌షాపుకి తెచ్చారు. బుల్లబ్బాయిగారు వచ్చారు. వీర్రాజుగారు చేతికి కట్టుతో ఆవరణలో, నీళ్ల కుళాయి పక్కన నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. బుల్లబ్బాయిగారు తీర్పు ముందే ఇచ్చేసి వచ్చారు. దారిలో ఊరికే బండి ఆపేశాడట, ఆలస్యమయ్యేసరికి ఆ తొందరలో వంతెన మీద నుంచి దూకించాడట. ఇక స్టీరింగు ముట్టుకోనివ్వను, మళ్లీ కుండీలు మొయ్యమనండి అన్నారు. బండిలో ఏ లోపమూ లేదు, లోడు సరిగానే ఉంది, తప్పు డ్రైవరుదే అని నేను కాగితం మీద రాసిస్తే బీమావాళ్లకి చూపించుకుంటానన్నారు.

మూర్తిగారు తన గదిలోంచి వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. నా చేతిలో కాగితం ఉంది, పెన్ను ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను రాయడం మొదలుపెట్టాను. తేదీ, బండి నంబరు రాశాను. వీర్రాజుగారు ఎక్కడ నా పేరు చెబుతాడోనని ఓరకంట చూశాను. ఆయన నా వైపు చూడనే లేదు. పికప్ టైరుకి అంటుకున్న కాలవ బురదని కాలితో గీకుతున్నాడు.

బుల్లబ్బాయిగారు సాక్ష్యానికి నర్సరీలో పనిచేసే మంగ అనే ఆవిణ్ని వెంట తెచ్చారు. మంగ, ఆమె తోడికోడలు చెట్లు దించడానికి ట్రాలీ మీదే, చెట్ల మధ్య కూర్చుని వెళ్లేవారు. ఆ రోజుల్లో అందరూ అలాగే వెళ్లేవారు, ఎవరూ తప్పనుకోలేదు. దారిలో ఆపాడా లేదా చెప్పమ్మా అన్నారాయన.

"ఆపాడండి," అంది మంగ. "వంతెన ముందర ఆపి మమ్మల్నిద్దర్నీ దింపేశాడు. ముక్కు తేలిపోతంది, మీరు నడిచి రండి, అవతల ఎక్కుదురుగాని అన్నాడు. ఎండలో నడిపిస్తున్నావేంటి బాబాయ్ అని నేను తిట్టానండి."

బుల్లబ్బాయిగారు, ముక్కు తేలడమేంటి అన్నారు. 

 ట్రాలీ బోర్లాపడిందని ఫోనులో విన్నాను. దాని మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చునేవారని కడియంలో కళ్లారా చూశాను. ఈ రెండూ కలిపి ఆలోచించడానికి నాకు అంతసేపు పట్టింది. ఆయన దింపకపోతే ఆ ఇద్దరూ నాలుగు గడ్డల కింద, నీళ్లలో. మంగ నా ఎదురుగా కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉంది.

ఉద్యోగం పోతుందన్న భయం లేదని అనను. ఉంది. కానీ ఆవిడ మొహం చూశాక పెన్ను కదల్లేదు.

"గడ్డలు వెనక్కి జరిపించింది నేనండి," అన్నాను. "ముక్కు తేలికైపోయిందని వీర్రాజుగారు చెప్పారు. నేను నవ్వాను. మీరూ నవ్వారు."

బుల్లబ్బాయిగారి మొహం ఎర్రబడింది. మూర్తిగారు మాత్రం నా వైపు తిరిగి, చాలా మామూలుగా, "బండికి గొంతు వెనక చక్రాలయ్యా," అన్నారు. నా జోకు అప్పటికే ఆయన దాకా వెళ్లిందన్నమాట. ముక్కు పైకి లేస్తే హుక్కు కూడా పైకి లేస్తుంది. వెనక చక్రాల మీద బరువు పోతుంది. పట్టు పోయాక తోక చెప్పినట్టు తల ఆడుతుంది. ఇది చెప్పి, "నీకు చెప్పాననే అనుకున్నాను. చెప్పలేదు కదూ," అని ఆగారు. ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి నేను ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెడతాను. ఆవరణలో మా సొంత ట్రాలీ ఒకటుండేది. దాని మీద ఇసుక బస్తాలు వేయించి, వీర్రాజుగారిని దగ్గరికి పిలిచి, ఎడ్లకైతే ఎలా సర్దేవారో చూపించండి అన్నారు. 'అండి' అనే అన్నారు. వీర్రాజుగారు మొదట జంకాడు. తర్వాత ఒంటిచేత్తో ముక్కు పట్టుకుని, బస్తాలు ఒక్కొక్కటే ముందుకి జరిపించాడు. ప్రతి బస్తాకీ ఎత్తి చూశాడు. ఇంకోటి, ఇంకొంచెం, ఆ చివరిది సగమే, అంటూ వచ్చాడు. చివరికి ముక్కు కాస్త లేచి, చెయ్యి వణికి, దిగింది. "ఇదండి," అన్నాడు.

మూర్తిగారు స్టోర్లోంచి బస్తాలు తూచే కాటా తెప్పించి ముక్కు కింద పెట్టించారు. తర్వాత బస్తాలు లెక్కపెట్టించారు. మొత్తం లోడులో ఇంచుమించు పదోవంతు ముక్కు మీద ఉంది. కంపెనీవాళ్ల శిక్షణ పుస్తకంలో ఉన్న కొలత అదే. ఆ పుస్తకం నా సొరుగులో ఉంది. ఆ పేజీ నేను తిప్పలేదు. ఈ మనిషి ఒంటిచేత్తో తిప్పాడు.

బుల్లబ్బాయిగారు కాటా ముల్లు వైపు చాలాసేపు చూశారు. ఓపిక తక్కువ మనిషి అని రాశాను కదా, ఆ రోజు మాత్రం ఆయన ఓపిక చూశాను. నా మీద కోపం ఆయనకి చాలాకాలం పోలేదు, అది న్యాయమే. కానీ ఆయన నన్నూ అడగలేదు, మూర్తిగారినీ అడగలేదు. వీర్రాజుగారి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"చెయ్యి బాగయ్యాక ఎన్ని చెట్లు ఎక్కిద్దాం వీర్రాజూ?"

"మూడండి. పైన మనుషులు ఎక్కకూడదండి."

"అలాగే," అన్నారు బుల్లబ్బాయిగారు.

కుళాయి దగ్గర

మర్నాటి నుంచి మా వర్క్‌షాపుకి ట్రాలీతో ఏ బండి వచ్చినా, పిన్ను తీసి ముక్కు ఎత్తి చూడకుండా పంపించలేదు. కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరు చేతా ఎత్తించాను. కొందరు ప్యాంటు మాసిపోతుందని గునిశారు. మాసిపోనివ్వండి అన్నాను. మీకు కూడా అదే చెబుతున్నాను. ఎంత లాగుతుందో పుస్తకం చెబుతుంది. ఎలా లాగుతుందో చేతికి తెలుస్తుంది. డ్రైవరు నసిగాడంటే మీ మాటలు ఆపి వినండి. అతను నవ్వి ఊరుకున్నాడంటే ఇంకా జాగ్రత్తగా వినండి.

ఆ రోజు అందరూ వెళ్లబోతుండగా కుళాయి దగ్గర వీర్రాజుగారిని పట్టుకున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. నా పేరు ఎందుకు చెప్పలేదండీ అని మాత్రం అడిగాను. స్టీరింగు పోయేది కదా, ఇన్నాళ్ల పేరు పోయేది కదా అన్నాను.

ఆయన ఎడంచేత్తో నీళ్లు పట్టుకుని మొహం కడుక్కున్నాడు.

"మీరు నవ్వారని నేను నోరు మూసుకున్నానండి. మూసుకుని బండెక్కాను. అనుమానం వచ్చి ఆడాళ్లని దింపాను గానీ, చెట్లని దింపలేదు. అది నా తప్పే కదండి, ఇంజనీరుగారూ."

ఆ 'ఇంజనీరుగారూ' అన్న పిలుపు ఆ రోజు వినలేకపోయాను. నా సర్వీసులో సలహా చెప్పి పంపిన బండ్లకి లెక్క లేదు. నా సలహా వల్ల పోవలసిన ఇద్దరు మనుషులు, నేను నవ్విన మనిషి వల్ల ఆ రోజు వంతెన మీద నడుచుకుంటూ దిగి వచ్చారు.